పైనక్క దిగిన మధ్యాహ్నం

క్రేన్ ఎక్కిన మనిషి పొద్దు వాలేదాకా దిగకూడదని ఎక్కడా రాసి లేదు. రాయనక్కర్లేకుండానే అందరూ పాటించే నియమాల్లో అదొకటి. నిచ్చెన, మధ్యలో నిలబడి ఊపిరి పీల్చుకోవడానికి ఓ ఇనుప పలక, మళ్లీ నిచ్చెన. ఎక్కేసరికే తల ప్రాణం తోకకొస్తుంది. మధ్యాహ్నం దిగి, తిని, మళ్లీ ఎక్కాలంటే అంతసేపూ కొక్కెం ఊరికే వేలాడుతుంది. కొక్కెం ఆగితే కాంక్రీటు ఆగుతుంది. కాంక్రీటు ఆగితే తాపీవాళ్లు ఆగుతారు. తాపీవాళ్లు ఆగితే సూపర్‌వైజర్ నోరు మాత్రం ఆగదు. పైన మరుగుదొడ్డి కూడా ఉండదు. అందుకని క్రేన్ నడిపేవాళ్లు పగలు తినరు, గొంతు తడుపుకోవడం తప్ప నీళ్లు తాగరు.

ఆమెకు పని నేర్పిన పెద్దాయన మొదటిరోజే చెప్పాడు: "ఎక్కేటప్పుడు కడుపుని కిందే వదిలేసి రావాలమ్మా. సాయంత్రం దిగాక తీసుకోవచ్చు."

ఆమె ఆ మాటను తు.చ. తప్పకుండా పాటించింది. పాటించక తప్పని స్థితి ఆమెది. ఇలాంటి సైట్లలోనే ఇటుకలు మోసింది. తర్వాత కొక్కేనికి మోపులు కట్టింది. ఆపైన శిక్షణకు పోయి, పరీక్ష రాసి, లైసెన్సు తెచ్చుకుని క్యాబిన్‌లో కూర్చుంది. కూర్చున్న మొదటి వారాల్లో ఆమె కొక్కెం కదిలితే చాలు, కింద మగవాళ్లు పిల్లిని చూసిన ఎలుకల్లా చెదిరిపోయేవాళ్లు. ఇప్పుడు అదే మనుషులు పైన ఇంకెవరైనా ఉన్నారంటే మోపు కిందికి రావడానికి జంకుతారు. సైటులో అందరూ ఆమెను పైనక్క అంటారు. వయసులో పెద్ద అయిన సూపర్‌వైజర్ కూడా అలాగే పిలుస్తాడు.

ఒక్క మనిషి మాత్రం వదినా అంటాడు. అతను ఆమె మరిది, భర్తకు తమ్ముడు, కింద సిగ్నల్ మనిషి. గోడల వెనకా గోతుల్లోనూ ఆమెకు కనిపించని చోట అతనే ఆమె కళ్లు. చేతిలో వాకీటాకీ పట్టుకుని "దించు, ఇంకొంచెం, ఆపు" అంటుంటాడు. ఆ మూడు మాటల మధ్య ముప్పై హాస్యాలు కలుపుతాడు. ఆమె భర్త సరుకుల వ్యాను తోలుతూ వారంలో సగం రోజులు ఊళ్లు తిరుగుతాడు కాబట్టి, ఆమె ఇంట్లో మొగుడితో కంటే వాకీటాకీలో మరిదితోనే ఎక్కువ మాట్లాడుతుందని అత్తగారు ఎత్తిపొడుస్తూ ఉంటుంది.

ఆ అత్తగారు రోజూ రెండు డబ్బాలు కట్టి పంపేది. కొడుక్కొకటి, కోడలికొకటి. కోడలి డబ్బా నిచ్చెన మొదటి మెట్టు దాకా వెళ్లేది. అక్కడ చేతులు మారేది. మరిది మధ్యాహ్నం తన డబ్బా తిని, ఆనక వదిన డబ్బా కూడా తిని, సాయంత్రం రెండూ కడిగి ఇంటికి తెచ్చేవాడు. కోడలు మెతుకు మిగల్చకుండా తింటోందని అత్తగారి సంతోషం. తన కొడుకు బెల్టుకు కొత్త చిల్లులు ఎందుకు పడుతున్నాయో మాత్రం ఆవిడకు అంతుపట్టలేదు. సాయంత్రం కోడలు ఇంటికి రాగానే ఆవిడ పళ్లెం నింపేది. ఆవిడ వంటలో నూనె చెంచాతో కాదు, గరిటెతో పడేది. మాంసం, వెన్న, వేయించిన గుడ్లు, అడుగున నూనె తేలే కూర. పొద్దంతా మాడిన కడుపు కదా, కోడలు ఆవురావురుమని తినేది.

నొప్పి మొదటిసారి అలాంటి భోజనం అయ్యాకే వచ్చింది. చేయి కడుక్కుని కుర్చీలో కూర్చోబోతుంటే కుడివైపు డొక్కల కింద ఎవరో పిడికిలి పెట్టి నొక్కినట్టయింది. ఆ పిడికిలి విడవలేదు. వీపులోకి పాకి కుడి భుజం రెక్క కింద స్క్రూ బిగించినట్టు తిరిగింది. గ్యాస్ అనుకుంది. వాము నమిలింది. నిలబడినా, కూర్చున్నా, ముడుచుకు పడుకున్నా ఒకటే తీరు. వాంతయినా తగ్గలేదు. అది ఎలా వచ్చిందో అలాగే చెప్పాపెట్టకుండా పోయింది. రెండోసారి వచ్చినప్పుడు ఆసుపత్రికి వెళ్లింది.

డాక్టరమ్మ కడుపు మీద జిగురు రాసి, యంత్రం తెర మీద చూపించింది. పిత్తాశయంలో రాళ్లు. పెద్దవేం కావు, కానీ ఒకటి కాదు. నొప్పి మళ్లీ మళ్లీ వస్తోంది కాబట్టి చివరికి పిత్తాశయం తీసేయడమే దారి, ఆపరేషన్ గురించి ఆలోచించుకోమంది. ఈలోగా కొవ్వు తగ్గించాలి, వేళకు కొంచెం కొంచెంగా తినాలి, పూటలు మానకూడదు అని చెప్పింది. జ్వరం వచ్చినా, కళ్లు పచ్చబడినా, నొప్పి గంటల తరబడి వదలకపోయినా వెంటనే వచ్చేయాలంది.

ఆమె చెవిలో కొవ్వు తగ్గించాలన్న మాటే పడింది. మిగతావి డాక్టర్లు అందరికీ చెప్పేవేనని వదిలేసింది. ఏం పని చేస్తావని అడిగితే కట్టడం పని అంది. క్రేన్ అని అనలేదు. అంటే ఏమవుతుందో ఆమెకు తెలుసు. ఉన్నట్టుండి మనిషిని పడగొట్టే జబ్బు ఏదున్నా క్రేన్ నడిపేవాళ్లు సైటులో చెప్పి తీరాలి. చెప్పిన మరుక్షణం క్యాబిన్ చేజారుతుంది. ఇన్నేళ్లు ఎక్కితే దొరికిన కుర్చీ ఒక్క మాటతో పోతుంది. ఖాళీ అయిన కుర్చీ ఎవరికోసమూ ఎదురుచూడదు.

ఇంటికొచ్చి అత్తగారికి మాత్రం చెప్పింది. కొడుకులిద్దరికీ చెప్పొద్దని చేతిలో చెయ్యి వేయించుకుంది. ఆవిడ చెయ్యి వేసింది, సలహా కూడా పడేసింది.

"లంఖణం పరమౌషధం అన్నారు పెద్దలు. కడుపుకి విశ్రాంతి ఇవ్వమ్మాయ్, రాళ్లూ రప్పలూ అవే పోతాయి."

ఇక్కడే బండి పట్టాలు తప్పింది. పగలు ఎలాగూ తినదు. ఇప్పుడు సాయంత్రం పళ్లెం కూడా చిన్నదయింది. నూనె చుక్క లేదు, పాలు లేవు, గుడ్డు లేదు. రెండు ముద్దల అన్నం, ఉడకబెట్టిన ఆకులు, గ్లాసుడు నీళ్లు. నోరు కట్టుకోవడంలో ఆమెను మించినవాళ్లు లేరు. పైన కూర్చుని ఏళ్ల తరబడి అదే సాధన చేసింది మరి. కొన్ని వారాల్లో బుగ్గలు పీక్కుపోయి బట్టలు వదులయ్యాయి. సైటులో ఆడవాళ్లు ఏం చేశావక్కా, మాకూ చెప్పు అని వెంటపడ్డారు. నొప్పి రాలేదు. గెలిచాననుకుంది.

నొప్పి మళ్లీ రాసాగింది. చిన్నగా, పైన ఉన్నప్పుడే. కాసేపు పిండి వదిలేసేది. అలాంటప్పుడు ఆమె కొక్కేన్ని మనుషులు లేని చోటికి తిప్పి, గాలి ఎక్కువగా ఉందని కిందికి చెప్పేది. గాలి లేదని కింద ఉన్నవాళ్లకు తెలుసు. పైన గాలి వేరు కాబోలని సరిపెట్టుకునేవాళ్లు. మరిది ఒక్కడే సరిపెట్టుకోలేదు. కాగితం మీద రాత చూసి మనిషిని గుర్తుపట్టినట్టు అతను కొక్కెం నడక చూసి వదినను పోల్చుకోగలడు. ఈమధ్య ఆ నడకలో ఓ తడబాటు కనిపిస్తోంది.

ఓ సాయంత్రం నడిచి వస్తూ అడగనే అడిగాడు. "వదినా, నిన్న రాడ్ల మోపు దింపేటప్పుడు కొక్కెం ఎక్కిళ్లు పెట్టింది. దానికి నీళ్లు పట్టించలేదా?"

"వైరు పాతబడింది. చెప్పాను."

"వైరు మొన్ననే మార్చారు."

ఆమె నడక వేగం పెంచింది. అతను పొడిగించలేదు. ఆ రాత్రి పళ్లెంలోని అన్నాన్ని ఆమె వేళ్లతో అటూ ఇటూ జరపడం మాత్రం గమనించాడు. పగలు ఏమీ తినని మనిషికి ఇప్పుడు ఆకలి ఉండాలి కదా అన్న ఆలోచన అతనికి అప్పుడే మొదలైంది. డబ్బాలు రెండూ తన కడుపులోకే పోతున్న సంగతి అతనికంటే బాగా ఎవరికి తెలుసు? ఇంట్లో రాత్రి దండిగా తింటుంది కదా అన్న ధైర్యంతోనే ఇన్నాళ్లూ తిన్నాడు.

ఆ తర్వాతి వారం మెట్ల దిమ్మెలు ఎక్కించే పని వచ్చింది. ఒక అంతస్తు మెట్లన్నీ కలిపి ఒకే దిమ్మెగా నేల మీద పోతపోసి ఆరబెడతారు. దాన్ని క్రేన్‌తో లేపి, భవనం నడిమధ్య బావిలా ఉండే మెట్ల గదిలోకి పైనుంచి దింపాలి. లోపల ఏముందో పైనున్న మనిషికి బొత్తిగా కనిపించదు. లోపలున్న ముగ్గురు చేతులతో దిమ్మెను నెట్టి గోడల్లో వదిలిన గాడుల్లో కూర్చోబెట్టాలి. గోడకూ దిమ్మెకూ మధ్య మనిషి పట్టే జాగా ఉంటుంది. దిమ్మె ఊగితే అదీ ఉండదు.

ఆ పొద్దున ఆమె ఆకలికి కళ్లు బైర్లు కమ్మి గేటు దగ్గర టీ కొట్టు ముందు ఆగింది. పెనం మీద వెన్నలో రొట్టె కాలుతోంది. ఆకలి రుచెరుగదంటారు గానీ ఆ క్షణాన ఆమెకు రుచి కూడా తెలిసింది. ఒకటి తిని ఎక్కుదామనుకుంది. రెండు తింది.

మొదటి దిమ్మె నల్లేరు మీద బండిలా దిగింది. రెండోది లేచి, తిరిగి, మెట్ల గది నోటి మీదికి వచ్చింది. ఆమె దాన్ని లోపలికి వదిలింది. వాకీటాకీలో మరిది గొంతు ఎప్పటిలాగే తీరిగ్గా వినిపిస్తోంది.

"దించు వదినా. ఇంకొంచెం. నిద్రపోయే పిల్లని మంచం మీద పడుకోబెట్టినట్టు. ఇంకొంచెం."

పిడికిలి అప్పుడు పడింది.

ఇదివరకటి చిన్న నొప్పుల్లా కాదు, మొదటిసారి వచ్చినట్టే వచ్చింది. వీపు దాకా వెళ్లడానికి కూడా ఆలస్యం చేయలేదు. కొక్కేన్ని ఎత్తేదీ దించేదీ కుడిచేతి లివరే. భుజం రెక్క కింద స్క్రూ తిరుగుతుంటే ఆ చేతి వేళ్లు మొద్దుబారాయి. నుదుట చెమట కళ్లలోకి కారింది. ఆమె చెయ్యి వదిలేసింది. వదిలితే లివర్ దానంతటదే మధ్యకు వచ్చి మోపు ఉన్నచోట ఆగిపోతుంది. దిమ్మె ఆగింది. సన్నగా ఊగుతూ ఆగింది.

"ఏం ఆపావు? ఇంకా జానెడుంది."

ఆ జానెడే. పళ్లు బిగబడితే జానెడు దింపేయొచ్చు. దింపితే ఎవరికీ తెలియదు, సాయంత్రం మామూలుగా నిచ్చెన దిగి ఇంటికి పోవచ్చు. దింపుతుండగా వేళ్లు ఓసారి అదిరితే? కనపడని ఆ బావిలో తన మరిదీ మరో ఇద్దరూ దిమ్మెకు చేతులు ఆనించి నిలబడి ఉన్నారు. వాకీటాకీ మాట వినిపించేది అతనొక్కడికే కాదు. సైటులో ఆ పెట్టె పట్టుకున్న ప్రతి ఒక్కరికీ వినిపిస్తుంది. సూపర్‌వైజర్‌కూ వినిపిస్తుంది.

ఆమె ఎడమచేత్తో మీట నొక్కింది.

"అబ్బాయ్, మీరు ముగ్గురూ మెట్ల గదిలోంచి బయటికి పోండి."

"ఇప్పుడా? దిమ్మె మా చేతుల్లో ఉంది. టీ తెప్పించావా ఏంటి?"

"నాకు నొప్పొచ్చింది. కొక్కెం కింద ఎవరూ ఉండొద్దు."

 వాకీటాకీలో బూట్ల చప్పుడు, ఎవరినో తొందర పెడుతున్న మరిది గొంతు. ఆ మధ్యలో సూపర్‌వైజర్ అడిగాడు, ఏం నొప్పి అని.

"రాళ్ల నొప్పి. చాలా రోజులనుంచి ఉంది," అంది ఆమె. అన్నాక దాచడానికి ఇంకేం మిగల్లేదు. చిత్రంగా ఊపిరి కొంచెం ఆడింది.

"బయటికి వచ్చేశాం వదినా. గుమ్మంలో ఉన్నాను. నాకు దిమ్మె కనిపిస్తోంది, దానికి నేను అందను. అలాగే వదిలేస్తావా?"

వదిలేయొచ్చు. కానీ గాలి లేస్తే ఊగుతుంది, ఊగితే గోడలను కొడుతుంది. నొప్పి ఇంకా పెరుగుతుందని ఆమెకు తెలుసు. పెరిగాక లివర్ ముట్టుకునే పరిస్థితి ఉండదు. కుర్చీలో పక్కకు తిరిగి ఎడమచేతిని ఒడి మీదుగా కుడివైపు లివర్ మీదికి చాపింది. అన్నం తినే చేతిని మార్చి తిన్నట్టుంది. ఇక తిప్పేదేం లేదు, దించడమొక్కటే.

"చెప్పు అబ్బాయ్."

అతను చెప్పాడు. ఆ రోజు మొదటిసారి ఒక్క హాస్యం కూడా కలపలేదు. దించు. దించు. ఆపు. ఎడమ మూల గోడకు ఆనుకుంది, ఒక్క వేలెడు ఎత్తు. ఆపు. ఊగనీ. ఇప్పుడు దించు. దించు. దిమ్మె గాడుల్లో పూర్తిగా కూర్చోలేదు, ఓ పక్క ఒరిగి, అంచుల మీద ఆగింది. ఆగితే చాలు. "వైరు వదులైంది," అన్నాడతను. ఆమె ఇంజిను ఆపేసి, మోకాళ్లను గడ్డానికి ఆనించుకుని ఆ ఇరుకు క్యాబిన్‌లో ఉండచుట్టుకుంది.

దింపడానికి మనుషుల్ని పంపుతానని, తాళ్ల మంచం కట్టిస్తానని సూపర్‌వైజర్ అన్నాడు. తగ్గాక తానే దిగుతానంది. ఆ మొండితనానికి డాక్టరమ్మ తర్వాత చెడామడా చీవాట్లు పెట్టింది. మరిది ఎవర్నీ అడక్కుండా నిచ్చెన ఎక్కాడు. ఎత్తంటే అతనికి భయం. కిందనే ఉండే పని అందుకే ఎంచుకున్నాడు. క్యాబిన్ కిందున్న పలక దాకా వచ్చి, ఊచలను రెండు చేతులా పట్టుకుని కళ్లు మూసుకుని కూర్చున్నాడు.

"కళ్లు తెరువు, అంతా కనిపిస్తుంది," అంది ఆమె, నొప్పి మధ్యలోంచి.

"నువ్వు దిగేదాకా తెరవను. పొద్దున ఏం తిన్నావు?"

"వెన్న రొట్టె."

"నిన్న పగలు?"

 జవాబు చెప్పాల్సిన పని లేదు. నిన్న పగటి ఆమె భోజనం ఊచలు పట్టుకుని కూర్చున్నవాడి పొట్టలో ఉంది.

నొప్పి వదిలాక, కాళ్లలోకి కాస్త సత్తువ వచ్చాక, ముందు అతనూ వెనక ఆమే మెట్టుమెట్టుకూ ఆగుతూ దిగారు. అక్కడి నుంచి తిన్నగా ఆసుపత్రికి. ఈసారి డాక్టరమ్మ తీరిగ్గా కూర్చుని, పొద్దున లేచింది మొదలు ఏం తింటావో ఒక్కొక్క పూటా చెప్పమంది. మధ్యాహ్నం దగ్గర ఆమె ఆగింది. పక్కనున్న మరిది అందుకున్నాడు.

"అది నేను తింటానండి."

"నీ సంగతి కాదు బాబూ, ఆవిడ భోజనం అడుగుతున్నాను."

"ఆవిడ భోజనమేనండి. రోజూ నేనే తింటాను."

డాక్టరమ్మ నవ్వలేదు. తిండి లోపల పడ్డప్పుడల్లా పిత్తాశయం పిండుకుని రసాన్ని పేగులోకి పంపుతుందని, పగలంతా ఏమీ పడకపోతే ఆ రసం అక్కడే నిలవుండి చిక్కబడుతుందని చెప్పింది. కడుపు మాడ్చుకుని గబగబా చిక్కిపోతే రాళ్లు తగ్గకపోగా కొత్తవి పుట్టే వీలుందంది. పస్తులుండి ఉండి ఒక్కసారిగా వెన్న తింటే నొప్పి పిలిస్తే వచ్చినట్టు వస్తుందంది. కొవ్వు తగ్గించమంటే అసలే మానేయమని కాదట. ఇరుగింటావిడెవరో నూనెలో నిమ్మరసం కలుపుకుని తాగితే రాళ్లు పడిపోతాయన్నారని అత్తగారు ఇదివరకే అడగమన్న సంగతి ఆమె విన్నవించింది. ఆ పని మాత్రం చచ్చినా చేయొద్దంది డాక్టరమ్మ.

"తిండి మార్చుకుంటే నొప్పి రావడం తగ్గొచ్చమ్మా, రాళ్లు కరగవు. ఆపరేషన్ అయ్యేదాకా ఆ కుర్చీలో కూర్చోవద్దు. ఈసారి నీ పనేంటో నాకు తెలుసు."

సూపర్‌వైజర్ మర్నాడు ఆమెను తన రేకుల గదికి పిలిచాడు. అరుస్తాడనుకుంది. ఆయన అరవకపోవడమే ఆమెకు ఎక్కువ భయం వేసింది. కింద సిగ్నల్ పని చూసుకోమన్నాడు. పైకి ఓ మనిషిని పిలిపించానన్నాడు. మళ్లీ కుర్చీ సంగతి ఏంటని ఆమె అడిగితే, కిటికీలోంచి క్రేన్ వైపు చూస్తూ అన్నాడు: "నువ్వు దాచిన నెలలున్నాయి. చెప్పిన నిమిషం ఉంది. రెండూ గుర్తుంటాయి నాకు. డాక్టరు సరేనని, నీ మరిది నీ కొక్కెం కింద నిలబడతానంటే అప్పుడు చూద్దాం."

చూద్దాం అంటే అవునూ కాదు, కాదూ కాదు. ఆపరేషన్ వరసలో ఆమె పేరు వచ్చేదాకా ఆ మాటతోనే కాలక్షేపం చేయాలి.

ఇంట్లో సంగతంతా బయటపడ్డాక అత్తగారు కోడలిని కాదు, కొడుకును దులిపేసింది. పెట్టిన తిండంతా పొట్టలో పోసుకుని పోతులా తయారయ్యావని, నీకు పెట్టేకంటే పిట్టగోడ మీద పెడితే కాకులైనా మొహమాటపడేవని తిట్టింది. తర్వాత వంటింట్లో గరిటె పక్కన పడేసి చెంచా అందుకుంది. మందు కొలిచినట్టు నూనె కొలవడం ఆవిడకు కొత్త విద్య. మొదట్లో చెంచా పోసి, ఎవరూ చూడట్లేదనుకుని ఇంకాస్త వంచేది. కోడలు గుమ్మంలోంచి దగ్గేది. మాంసానికి చర్మం తీసి, కొవ్వు గీకి, నీళ్లలో ఉడికించడం నేర్చుకుంది. పప్పూ, కాయగూరలూ, పండ్లూ, ముడి బియ్యం, వెన్న తీసిన పాలు. పొద్దున పనికి వెళ్లేముందు కొంచెం, మధ్యాహ్నం కొంచెం, పొద్దు వాలకముందే పండో గుప్పెడు పేలాలో, రాత్రి పెందలాడే తేలిగ్గా. తిన్న వెంటనే పక్క మీదికి చేరకుండా వీధి చివరి దాకా నడక. చెప్పుకుంటే ఇంతే. ఆచరణలో, ఇన్నేళ్లు మాడడం అలవాటైన కడుపు మధ్యాహ్నం ముద్దను చూసి మొహం తిప్పుకునేది. తినడం కూడా నేర్చుకోవాల్సి వచ్చింది ఆమెకు.

ఒకసారి పొరపాటున, వేయించిన గుడ్డు తిన్న సాయంత్రం పిడికిలి మళ్లీ తలుపు తట్టింది. లోపలికి రాలేదు. ఆ రాత్రంతా వస్తుందేమోనని కాచుకుని కూర్చుంది. అప్పటినుంచి ప్రతి ముద్ద తర్వాతా కుడి డొక్క వైపు ఓ చెవి వేసి ఉంచడం అలవాటైంది.

"లంఖణం పరమౌషధం అన్నవాడికి పిత్తాశయం లేదేమోనమ్మాయ్," అంది అత్తగారు. ఆవిడ తప్పు ఒప్పుకోవడం అలాగే ఉంటుంది.

పైకి పిలిపించిన మనిషిని చూసి ఆమె నివ్వెరపోయింది. తనకు పని నేర్పిన పెద్దాయన. మానేసి ఇంటిపట్టున ఉన్నవాడు, సూపర్‌వైజర్ బతిమాలితే వచ్చాడు. కడుపును కింద వదిలేసి పైకెక్కాడు. మరిదిని వేరే పక్క పనికి మార్చి ఆయన కొక్కేనికి ఈమెను సిగ్నల్ పెట్టారు. మొదటి రోజులు ఆయన చెయ్యి స్థిరంగానే ఉంది. ఆమె చూపు మధ్యాహ్నం దాటాక కొక్కెం మీద నిలిచేది. మరిది చెప్పిన ఎక్కిళ్లు ఏమిటో ఇప్పుడామెకు కింది నుంచి తెలిసింది. పొద్దున గీత గీసినట్టు నడిచిన కొక్కెం, పొద్దు నడినెత్తిన దాటాక చోటు చేరి కూడా ఓ క్షణం వెతుక్కునేది. వయసు మీదపడ్డ మనిషి, ఎండ, ఖాళీ కడుపు.

శ్లాబు పోసే రోజు. కాంక్రీటు లారీలు గేటు బయట వరసకట్టాయి. మధ్యాహ్నం వేళకు కాంక్రీటు తొట్టి తాపీవాళ్ల తలల మీదుగా పోతూ ఉన్నట్టుండి జర్రున జారి ఆగింది. అడుగు మేర జారిందేమో, ఎవరూ తల కూడా ఎత్తలేదు. ఆమె ఎత్తింది. తొట్టిని నేల మీదికి దింపించింది. కొక్కెం వదులయ్యాక రెండు చేతులూ చెరోవైపు బారజాపి నిలబడింది. సైటులో ఆ సైగకు ఒకటే అర్థం. పూర్తిగా ఆపు.

"ఏమైందమ్మా?" వాకీటాకీలో పెద్దాయన.

"దిగండి పెద్దాయనా. భోజనానికి."

"నేను పైన తినను. నీకు నేనే చెప్పాను."

"అందుకే కిందికి రమ్మంటున్నాను."

తాపీవాళ్లు చేతులు నడుముకు పెట్టుకుని చూస్తున్నారు. లారీవాడు హారన్ కొట్టాడు. రేకుల గదిలోంచి సూపర్‌వైజర్ వచ్చి, కొక్కెం ఎవరు ఆపారని అడిగాడు.  కుర్చీ సంగతి ఈయన చేతుల్లో ఉంది. చూద్దాం అన్న మాట ఇప్పటికిప్పుడు "కాదు" వైపు ఒరిగిపోవచ్చు. చేతులు దించి, సరే కానివ్వండి అంటే గొడవ లేదు. చేతులు దించలేదు.

"నేను ఆపాను. తొట్టి జారింది. పొద్దుటినుంచి ఆయన ఏం తినలేదు. తినకుండా పైన కూర్చున్న చెయ్యి ఎలా ఉంటుందో మీకు చెప్పాల్సిన పనిలేదు, ఆ రోజు మీరూ విన్నారు."

దూరంగా రాడ్లు కడుతున్న మరిది పని ఆపి ఇటే చూస్తున్నాడు. సూపర్‌వైజర్ తొట్టిని చూశాడు, లారీలను చూశాడు, పైకి చూశాడు. తర్వాత తన వాకీటాకీ తీసి, "సిగ్నల్ ఆపమంటే ఆగాల్సిందే పెద్దాయనా, దిగిరండి," అన్నాడు. అని, లారీవాళ్ల మీద అరవడానికి గేటు వైపు నడిచాడు. ఎవరో ఒకరి మీద అరవాలి కదా.

పెద్దాయన దిగడానికి చాలాసేపు పట్టింది. చివరి మెట్టు దగ్గర ఊచ పట్టుకుని నిలబడిపోయాడు, కాళ్లు కుదురుకునేదాకా. కోపంతో ఆమె మొహం చూడకుండా సిమెంటు బస్తాల నీడలో కూర్చున్నాడు. ఆమె తన డబ్బా విప్పి, మూతలో సగం పెట్టి ఆయన ముందు ఉంచింది. ఆయన ఓ ముద్ద నోట్లో పెట్టుకుని మొహం వికారంగా పెట్టాడు.

"నూనె పోయడం మర్చిపోయారా మీ ఇంట్లో?"

"చెంచాతో పోశారు."

ఆయన ఇంకో ముద్ద కలిపాడు. మూత ఖాళీ అయింది. నీళ్లు తాగాడు, ఎన్నాళ్లనుంచో దాహంతో ఉన్నవాడిలా గుక్కతిప్పుకోకుండా తాగాడు. మరిది తన డబ్బా పట్టుకుని వచ్చి పక్కన కూలబడ్డాడు. ఇప్పుడతనికి ఒకటే డబ్బా, దానికి తోడు తల్లి చెంచా శిక్ష.

"రేపు కూడా దిగాలా?" అన్నాడు పెద్దాయన.

"రోజూ దిగాలి."

"మరి నువ్వు ఎక్కినప్పుడు?"

ఆమె ముద్ద నమిలి, మింగి, అలవాటు ప్రకారం కుడి డొక్క వైపు ఓసారి చెవి పెట్టింది. ఏమీ పలకలేదు. పైన క్యాబిన్ తలుపు తెరిచే ఉంది, కుర్చీ ఖాళీగా కనిపిస్తోంది.

"వదిన ఎక్కితే నేను కింద నిలబడతాను," అన్నాడు మరిది, సూపర్‌వైజర్ తననింకా అడగని ప్రశ్నకు. "కానీ ఆవిడ డబ్బా ముట్టను."